కాలు కింద పెట్టకుండా



పోయిన నెల పింఛను కాయితాల గురించి రాసినాను. ఈ నెల మోటార్ సైకిల్ గురించి రాస్తా ఉన్నాను. ముసలోడికి ఈ వయసులో బండి పిచ్చి పట్టిందా అని నవ్వుకోవద్దు. నా కోసం కాదు, మన వీధుల్లో ఉన్న పిల్లకాయల కోసం. చివరి దాకా చదవండి.

రెండు నెలల కింద ఒక శనివారం రాత్రి, మా వెనక వీధి కుర్రాడు బీచ్ రోడ్డులో బండి రేసు పోయి పడిపోయినాడు. కుడికాలు రెండు చోట్ల విరిగింది. లోపల రాడ్డు పెట్టినారు. వాళ్ళమ్మ నాలుగిళ్ళల్లో పని చేస్తుంది. కమ్మలు తాకట్టు పెట్టింది, చీటీ డబ్బు ముందే ఎత్తేసింది. ఆ రాత్రి మా మనవడు కూడా ఆ గుంపులోనే ఉన్నాడని నాకు నాలుగు రోజుల తర్వాత తెలిసింది. మా కూతురి కొడుకు. 20 ఏళ్ళు. ఇంటింటికీ సాపాటు తీసుకొనిపోయి ఇచ్చే డెలివరీ పని చేస్తాడు. పగలంతా బండి మీదే, రాత్రి కూడా బండి మీదేనా అని మా ఇంటామె ఏడ్చింది.

నేను కొట్టలేదు, తిట్టలేదు. తిడితే ఏమవుతుందో నాకు తెలుసు. మా నాయిన నన్ను తిట్టినాడని నేను చెప్పకుండా షోళవరం పోయినవాణ్ణే కదా.

మీలో పెద్దోళ్ళకు షోళవరం గుర్తుంటుంది. కలకత్తా రోడ్డులో, ఊరు దాటి పోతే వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే అక్కడ ఖాళీగా పడి ఉండేది. 1953లో పెట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు వాళ్ళు ఆ రన్‌వే మీదే కార్ల రేసులు, బండ్ల రేసులు నడిపినారు. రేసు రోజు వచ్చిందంటే మా షిఫ్టులో సగం మందికి జ్వరం వచ్చేది. సైకిళ్ళ మీద, లారీల మీద పోయి, ఎండలో నిలబడి, దుమ్ము తిని, చెవులు గింగురుమంటా తిరిగొచ్చే వాళ్ళం. 1990లో ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాక్ వచ్చినాక షోళవరం కథ ముగిసిపోయింది.

అప్పట్లో ఒక పేరు మా మిల్లు వాళ్ళ నోళ్ళల్లో బాగా నానింది. కరివర్ధన్. కోయంబత్తూరు లక్ష్మీ మిల్స్ కుటుంబం, మన తెలుగు నాయుళ్ళ ఇంటి బిడ్డ. రేసు కార్లు తోలడమే కాదు, తానే కార్లు తయారు చేసినాడు. మారుతి ఇంజన్ పెట్టి ఒక మనిషి కూర్చునే రేసు కారు చేసి, తక్కువ ఖర్చులో కొత్త పిల్లలు కూడా రేసుకు వచ్చే దోవ చూపించినాడు. 1995లో చిన్న విమానం కూలి చనిపోయినాడు. కోయంబత్తూరు పక్కన ఉన్న రేసు ట్రాక్‌కు ఆయన పేరే పెట్టినారు. మిల్లు ఓనర్ ఇంటి బిడ్డ తోలితే, మిల్లు కూలీ బిడ్డ కంచె బయట నిలబడి చూసినాడు. అది అప్పటి కాలం. ఇప్పుడు కూలీ బిడ్డ చేతిలో కూడా బండి ఉంది. ట్రాక్ లేదు. అందుకే బీచ్ రోడ్డుకు పోతా ఉన్నాడు.

సరే, విషయానికి వస్తాను. నేను మూడు రోజులు మాట్లాడకుండా ఉండేసరికి మనవడే వచ్చి పక్కన కూర్చున్నాడు. "తాతా, ఇది చూడు" అని సెల్ ఫోన్ చూపించినాడు. దాంట్లో ఒకడు సీటు లేని బండి మీద నిలబడి ఉన్నాడు. ఎదురుగా మనిషెత్తు బండరాయి. ఆ రాయి మీదికి బండి మేకపిల్ల ఎక్కినట్టు ఎక్కింది. పైన ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ పక్క రాయి మీదికి దూకింది. ఒక్కసారి కూడా వాడు కాలు కింద పెట్టలేదు.

"ఇదేం రేసు రా, ఇంత మెల్లగా పోతా ఉన్నాడు?" అన్నాను.

"రేసు కాదు తాతా, దీన్ని ట్రయల్స్ అంటారు. స్పీడుతో పని లేదు. కాలు కింద పెట్టకూడదు, అంతే."

ఆ మాట నా చెవిలో పడింది. స్పీడుతో పని లేని బండి ఆట ఉందా? ఉంటే, మా వాణ్ణి బీచ్ రోడ్డు నుంచి ఇటు లాగొచ్చు కదా?

తిరువొత్తియూరు బుల్లెట్ ఫ్యాక్టరీలో పని చేసి రిటైరైన అన్న ఒకాయన మా పక్క వీధిలో ఉన్నాడు. ఆయన్ని అడిగినాను. ఆయన ముఖం వెలిగిపోయింది. "ఏమప్పా, మన బుల్లెట్ పుట్టి పెరిగిందే ఆ ఆటలో" అన్నాడు. ఆయన చెప్పినది, మనవడు ఫోన్‌లో చూపించినది, నేను కళ్ళారా చూసినది కలిపి మీకు చెప్తాను.

ఈ ఆట పుట్టింది ఇంగ్లండు, స్కాట్లండు వైపు. నూరేళ్ళ పైమాటే. స్కాట్లండులో ఆరు రోజులు వరసగా జరిగే పోటీ ఒకటి ఉంది. కొండలు, రాళ్ళు, బురద, వాగులు, వాటి మీదనే దోవ. 1948లో బుల్లెట్ బండికి వెనక చక్రం దగ్గర స్ప్రింగులు పెట్టి, కొత్తగా చేసిన ఆ బండిని ఇలాంటి ట్రయల్ పోటీలోనే దించి పరీక్ష చేసినారు. అంతకు ముందు చాలా బండ్లకు వెనక స్ప్రింగ్ ఉండేది కాదు, నడుము విరిగేది. 1952లో జానీ బ్రిటన్ అనే కుర్రాడు ఎన్‌ఫీల్డ్ బండి మీద ఆ ఆరు రోజుల పోటీ గెలిచినాడు. 1957లో మళ్ళీ గెలిచినాడు. ఆ మధ్యలోనే, 1955లో, మన మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా కంపెనీ మొదలయింది, తిరువొత్తియూరులో బుల్లెట్లు తయారయినాయి. 2019లో ఆ పాత గుర్తుగా బుల్లెట్ ట్రయల్స్ అని ఒక బండి కూడా అమ్మినారు. అంటే మనకు ఈ ఆట పరాయిది కాదు. ఆ బండి మన పక్కనే తయారయింది, ఆట మాత్రం మనదాకా రాలేదు.

ఇప్పుడు ఈ ఆటకు వాడే బండి వేరే. సీటు ఉండదు, 70 కిలోలకు అటూ ఇటూ బరువు, నిలబడే తోలాలి. స్పెయిన్ దేశపు టోనీ బూ అనేవాడు 2007 నుంచి 2024 దాకా ఏటేటా ప్రపంచ విజేత. ఒక్క ఏడు కూడా వదల్లేదు. మా వాడు ఫోన్‌లో చూపించింది ఇతన్నే.

లెక్క ఎట్లా అంటే, చిన్న చిన్న జాగాలు గీతలు కట్టి పెడతారు. ఒక్కో జాగా దగ్గర ఒక మనిషి నిలబడి చూస్తా ఉంటాడు. కాలు ఒకసారి కింద పెడితే 1, రెండుసార్లు పెడితే 2, అంతకు మించి ఎన్నిసార్లు పెట్టినా 3. పడిపోయినా, గీత దాటి బయటికి పోయినా 5. కాలు పెట్టకుండా దాటితే సున్నా. చివరికి ఎవరి లెక్క తక్కువో వాడు గెలిచినట్టు. సున్నా తెచ్చుకున్నోడు మొనగాడయ్యే ఆట ఇదొక్కటే అనుకుంటా!

ఇది విన్నాక నాకు నా లైసెన్సు పరీక్ష గుర్తొచ్చింది. మన తమిళనాడులో ఎవరైనా 8 వేయాల్సిందే కదా. కాలు పెడితే ఫెయిలు. నేను మొదటిసారి కాలు పెట్టినాను, ఇంకొక నెల తిరిగినాను. అంటే లైసెన్సు ఉన్న ప్రతి ఒక్కడూ ఈ ఆట ఒక నిమిషం ఆడినవాడే. ఆ 8 నే రాళ్ళ మీద వేస్తే ట్రయల్స్.

మా మనవడికి నేను కొన్ని షరతులు పెట్టినాను. మీ ఇంట్లో కూడా ఇలాంటి పిల్లకాయ ఉంటే పనికొస్తాయని రాస్తా ఉన్నాను.

మొదటి షరతు, పని చేసే బండి ముట్టకూడదు. దాని మీద వాడికి ఇంకా 14 నెలల కంతులు ఉన్నాయి. అది పాడైతే పూట గడవదు. అందుకని నా పాత 100 సీసీ బండి ఇచ్చినాను. మిల్లు మూసేసినప్పుడు చేతికొచ్చిన డబ్బులో కొన్నది. వాచ్‌మన్ పనికి రాత్రిపూట దాని మీదే పోయినాను. మూడేళ్ళుగా టార్పాలిన్ కప్పుకొని మెట్ల కింద ఉంది. గేర్ బండే కావాలి, స్కూటీ పనికి రాదు. ఈ ఆటంతా క్లచ్ మీదనే ఉంది. నా బండి ఆర్సీ కాలం తీరిపోయింది కాబట్టి రోడ్డు మీద తోలకూడదు. గ్రౌండు దాకా తోసుకొని పోతాము. వాడు తోస్తాడు, నేను పక్కన నడుస్తాను.

రెండో షరతు, రోడ్డు మీద ఈ ఆట వద్దు. ఇంకొకరి జాగా అయితే అడిగి పోవాలి. మా వైపు ఒక గోడౌన్ వెనక ఖాళీ జాగా ఉంది. వాచ్‌మన్ ద్వారా ఓనర్‌ను అడిగినాము. ఆదివారం పొద్దున 6 నుంచి 8 దాకా ఒప్పుకున్నాడు. ఒంటరిగా మాత్రం పోకూడదు. పడితే లేపడానికి ఒక మనిషి ఉండాలి.

మూడో షరతు, ఒంటికి కాపు. ఐఎస్ఐ గుర్తు ఉన్న హెల్మెట్, గడ్డం కింద పట్టీ బిగించి. చీలమండ కప్పే సేఫ్టీ షూలు, ప్యారిస్ కార్నర్ దగ్గర దొరుకుతాయి. చేతికి గ్లవుసులు, మోకాలికి ప్యాడ్లు. చెప్పులతో బండి ఎక్కితే నేను ఇంటికి వచ్చేస్తానని చెప్పినాను.

నాలుగోది ఇంకా చిన్న పిల్లకాయలు ఉన్నవాళ్ళకు. 18 నిండకుండా గేర్ బండి ఇవ్వొద్దు. 2019లో మారిన చట్టం ప్రకారం, 18 లోపు పిల్లవాడు బండి తోలి తప్పు చేస్తే శిక్ష తల్లిదండ్రికి లేదా బండి ఓనర్‌కు. మూడేళ్ళ దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. ఆ బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. పిల్లవాడికి 25 ఏళ్ళు నిండే దాకా లైసెన్సు రాదు. రోడ్డు మీద తిరిగే బండికి సీటు పీకడం, సైలెన్సర్ మార్చడం కూడా చట్టానికి విరుద్ధం.

ఇక నేర్చుకునే పద్ధతి. నేను మెకానిక్‌ను కాను, రింగ్ ఫ్రేమ్ దగ్గర సైడర్ పని చేసినవాణ్ణి. అయినా కళ్ళారా చూసినాను కాబట్టి చెప్తాను.

మొదటి ఆదివారం రాయీ లేదు, గుట్టా లేదు. చదును నేల. ఫుట్‌రెస్టుల మీద నిలబడాలి. మోకాళ్ళు కొంచెం వంచి, మోచేతులు కొంచెం బయటికి. బిగుసుకొని నిలబడితే బండి మనల్ని విసిరేస్తుంది. చూపు చక్రం మీద కాదు, పోవాల్సిన చోట ఉండాలి. ఫస్ట్ గేర్, యాక్సిలరేటర్ చాలా కొంచెం. క్లచ్ మీద ఒక వేలు. పూర్తిగా పట్టకూడదు, పూర్తిగా వదలకూడదు, మధ్యలో ఉంచాలి. వెనక బ్రేకు కాస్త రాసుకుంటా ఉంటే బండి ఇంకా నిలకడగా పోతుంది.

ఆ క్లచ్ దగ్గరే మా వాడికి కష్టం వచ్చింది. ఠక్కున వదిలేస్తాడు, బండి ఎగురుతుంది. నేను ఒక్కటే చెప్పినాను: "రేయ్, తెగిన పోగు అతికేటప్పుడు లాగితే మళ్ళీ తెగుతుంది, వదిలేస్తే చుట్టుకుంటుంది. వేలికి తెలియాలి." వాడికి పోగు తెలియదు, మిల్లు తెలియదు. కానీ ఏమనుకున్నాడో, ఆ తర్వాత చెయ్యి మెత్తబడింది.

రెండో ఆదివారం గుండ్రంగా తిరగడం, ఆ తర్వాత 8. ఇక్కడ ఒక కిటుకు ఉంది. స్పీడుగా పోయేటప్పుడు బండీ మనిషీ ఒకే పక్కకు వంగుతారు. మెల్లగా తిరిగేటప్పుడు అట్లా కాదు. బండి లోపలికి వంగాలి, మనిషి బయటి పక్కకు పోవాలి, బయటి ఫుట్‌రెస్టు మీద బరువు వేయాలి. నెత్తి మీద బిందె పెట్టుకొని సందులో తిరిగే ఆడవాళ్ళకు ఈ సంగతి ఒకరు చెప్పక్కరలేదు.

మూడో ఆదివారం ఎనిమిది ఇటుకలు పెట్టినాము. వాటి మధ్యలో పాములాగా పోవాలి. వారం వారం ఇటుకలు దగ్గర చేస్తా వచ్చినాము. బండి ఎక్కే ముందు ఆ దోవంతా ఒకసారి కాళ్ళతో నడిచి చూడాలి. ప్రపంచ విజేత కూడా నడిచి చూసే ఎక్కుతాడట. ఎక్కడ మట్టి వదులుగా ఉంది, ఎక్కడ తిప్పాలి అని ముందే తెలుసుకోవాలి.

ఇది కుదిరినాకే చిన్న అడ్డం. మూడు నాలుగు అంగుళాల దుంగ చాలు. ఏటవాలుగా పోకూడదు, నేరుగా పోవాలి. ముందు చక్రం దుంగ దగ్గరికి వచ్చేటప్పుడు కొంచెం యాక్సిలరేటర్ ఇస్తే ముందు భాగం తేలికవుతుంది. చక్రం ఎక్కంగానే తగ్గించాలి. వెనక చక్రం ఎక్కేటప్పుడు మోకాళ్ళు మెత్తగా వదలాలి. దిబ్బ ఎక్కేటప్పుడు ఒళ్ళు ముందుకు, దిగేటప్పుడు వెనక్కి. పడిపోతామని తెలిస్తే బండిని వదిలేసి పక్కకు పోవాలి. బండి కోసం కాలు అడ్డం పెట్టొద్దు. బండి బాగు చేసుకోవచ్చు.

ఇంకొక రెండు మాటలు. మెల్లగా తోలితే ఇంజన్‌కు గాలి తగలదు, వేడెక్కుతుంది. క్లచ్ వాసన వస్తుంది. పావుగంటకు ఒకసారి ఆపాలి. పోటీ బండ్లలో టైరు గాలి బాగా తగ్గిస్తారు, అవి దానికని చేసిన టైర్లు. మన ట్యూబు టైరులో అంత తగ్గిస్తే ట్యూబు నలిగిపోతుంది, వాల్వు తెగుతుంది. పోటీకి పోయే రోజు వస్తే అప్పుడు దేశపు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బుల ఫెడరేషన్ లైసెన్సు తీసుకోవాలి. అది తర్వాత మాట.

ఇదంతా బాగానే ఉంది కదా అనుకుంటా ఉంటారు. నాలుగో ఆదివారం మా వాడు పడినాడు. దుంగ మీద బండి జారింది. ఎడమ మణికట్టు వాచింది. ఎక్స్‌రే తీసినారు, విరగలేదు. కానీ నాలుగు రోజులు పనికి పోలేదు. వాడి పనిలో పోని రోజుకు కూలి లేదు. మా కాలంలో మిల్లులో చెయ్యి తెగితే ఇ.ఎస్.ఐ. ఆస్పత్రి ఉండేది, సగం జీతమైనా వచ్చేది. వీడికి అది కూడా లేదు. ఆ నెల కంతు నేనే కట్టినాను, నా మాత్రల డబ్బులో తీసి.

మా ఇంటామె రెండు రోజులు నాకు అన్నం పెట్టింది కానీ మాట పెట్టలేదు. మూడో రోజు అడిగింది. "ఏమయ్యా, అక్కడ పడితే కాలు విరుగుతుందని ఇక్కడికి తెచ్చినావు. ఇక్కడ చెయ్యి విరిగితే ఏం చెప్తావు?"

నా దగ్గర జవాబు లేదు. పడుకొని ఆలోచించినాను. బీచ్ రోడ్డులో పడినవాడు లారీ కింద పడతాడు, లేదా ఇంకొకరి బిడ్డను గుద్దుతాడు. ఇక్కడ పడినవాడు నడిచే మనిషి వేగంలో మట్టిలో పడినాడు. రెండూ ఒకటి కాదు. కానీ రెండూ పడటమే. వయసు పిల్లవాణ్ణి పడకుండా ఇంట్లో కట్టేసే తాడు నా దగ్గర లేదు. ఎక్కడ పడాలో చూపించగలను, అంతే. ఆమెకు ఇదే చెప్పినాను. ఒప్పుకుందని రాయను. దుంగ తీసేసి మళ్ళీ ఇటుకల దగ్గరికి రమ్మంది. ఒక నెల దాకా దుంగ లేదు అని మాట ఇచ్చినాను. వాడి చేత కూడా ఇప్పించినాను.

పోయిన ఆదివారం మేము బండి తోసుకుంటా పోతా ఉంటే, వెనక వీధి కుర్రాడు, కాలు విరిగినవాడు, వాకిట్లో కూర్చొని ఉన్నాడు. వాళ్ళమ్మ గిన్నెలు తోముతా ఉంది. మా వాడు ఆగినాడు. "రారా, లెక్క చూసేదానికి మనిషి కావాలి" అన్నాడు. వాళ్ళమ్మ మా బండి వంక చూసింది, నా ముఖం చూసింది. నేను ఏమీ అనలేదు. ఆమె లోపలికి పోయి వాడి చేతికర్ర తెచ్చి ఇచ్చింది.

వాడు గోడౌన్ గోడ మీద కూర్చున్నాడు, రాడ్డు ఉన్న కాలు చాపుకొని. మా వాడు ఇటుకల మధ్యలో పోతా ఉంటే కళ్ళు ఆర్పకుండా చూసినాడు. ఆరో ఇటుక దగ్గర మా వాడి షూ నేలకు తగిలీ తగలనట్టు తగిలింది. నాకు కనపడలేదు.

"ఒకటి!" అని గట్టిగా అరిచినాడు.

"తగల్లేదు రా!"

"తగిలింది. ఒకటి అంటే ఒకటే."

ఇద్దరూ పావుగంట పోట్లాడుకున్నారు. నేను టీ తాగినాను. ఎనిమిది గంటలకు వాచ్‌మన్ గేటు కొట్టినాడు, బండి తోసుకొని ఇంటికి వచ్చేసినాము.

మన వైపు పిల్లకాయలు ఎవరైనా చూడాలనుకుంటే రావొచ్చు, తల్లిదండ్రులతో చెప్పి రండి. హెల్మెట్ తెచ్చుకోండి.

వచ్చే నెల, డెలివరీ పని చేసే పిల్లలకు దెబ్బ తగిలితే ఏ దారి ఉంది అని అడిగి తెలుసుకొని రాస్తాను. ఈ నాలుగు రోజులు నాకు ఆ ప్రశ్న మిగిల్చినాయి.